చలి వణికించిన మర్నాడే పుప్పొడి ఎందుకు రేగుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి నాలుగేళ్లుగా అమెరికాలోని ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొదటి రెండు చలికాలాలూ ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. తర్వాతి రెండేళ్లూ డిసెంబరు చివర మొదలుకొని ఫిబ్రవరి దాకా కళ్ల దురద, ఆగని తుమ్ములు, ముక్కు దిబ్బడ. అక్కడివాళ్లు దీన్ని ‘సీడర్ ఫీవర్’ అంటారనీ, చెట్ల పుప్పొడి వల్ల వస్తుందనీ చెబుతున్నాడు. పూత వచ్చేది వసంతంలో కదా, అంత చలిలో పుప్పొడి ఎక్కడిది? పైగా చలిగాలి వీచి, ఎండ కాసిన మర్నాడే బాధ ఎక్కువవుతోందట. ఇది నిజమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ అబ్బాయి గమనించింది ముమ్మాటికీ నిజం. ఆస్టిన్‌కు పడమటి వైపు మొదలై శాన్ ఆంటోనియో ఎగువ దాకా పరుచుకున్న సున్నపురాతి గుట్టల మీద యాష్ జునిపర్ అనే చెట్టు దట్టంగా పెరుగుతుంది. స్థానికులు దీన్ని మౌంటెన్ సీడర్ అంటారు గాని, ఇది దేవదారు జాతికి చెందినది కాదు. ‘ఫీవర్’ అన్న మాట కూడా సరిపోదు. ఈ ఎలర్జీకి సాధారణంగా జ్వరం రాదు కాబట్టి, మీ అబ్బాయికి ఒళ్లు బాగా కాలితే అది పుప్పొడి పని అనుకుని ఊరుకోకుండా వైద్యుణ్ణి కలవమనండి.

జునిపర్‌లో మగ చెట్లు వేరు, ఆడ చెట్లు వేరు. శంకువులు కాసే జాతి కాబట్టి దీనికి రంగురంగుల పూలతో గాని, తేనెటీగలతో గాని పని లేదు. పుప్పొడిని మోసేది గాలే. అందుచేత వసంతం కోసం ఎదురుచూడవలసిన అవసరం కూడా దీనికి లేదు. (పూసే చెట్లలోనూ ఇటువంటివి ఉన్నాయి. మన నెమలినార ఆకు రాల్చి, మోడుగా ఉన్న కొమ్మల మీదే జనవరి, మార్చి నెలల మధ్య పూస్తుంది.) డిసెంబరు వచ్చేసరికి మగ జునిపర్ రెమ్మల చివరలన్నీ బియ్యపు గింజంత శంకువులతో నిండిపోతాయి. దూరం నుంచి చూస్తే పచ్చని చెట్టు మీద ఇటుక పొడి చల్లినట్టు కనిపిస్తుంది.

ఈ శంకువు పొలుసుల అడుగున పుప్పొడి సంచులుంటాయి. అవి తెరుచుకోవాలంటే ఎండిపోవాలి. ఆముదపు కాయ ఎండకు చిటపట పగలడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ జరిగేదీ ఇంచుమించు అదే. మెక్సికో సింధుశాఖ మీది నుంచి తేమగాలి వస్తున్నంత కాలం, పక్వానికి వచ్చిన సంచులు కూడా మూసుకునే ఉంటాయి. ఉత్తరం నుంచి చలిగాలి దూసుకువచ్చి ఆ తేమను సముద్రం వైపు నెట్టివేసినప్పుడు ఆకాశం నిర్మలమవుతుంది, ఎండ కాస్తుంది, గాలిలో తేమ ఒక్కసారిగా పడిపోతుంది, సంచులు చిట్లుతాయి, అదే గాలి కొమ్మలను ఊపుతుంది. ఆ రోజు మగ చెట్టు కొమ్మను ఒక్కసారి తడితే పసుపు రంగు పొగ లేస్తుంది. గుట్ట మీద చెట్లన్నీ ఒకేసారి ఇలా పొగలు కక్కడం చూసి, అడవి అంటుకుందని భయపడి అగ్నిమాపక సిబ్బందికి ఫోన్లు చేసేవాళ్లు కూడా ఉన్నారు.

కాబట్టి నేరం చలిది కాదు, చలి వెంట వచ్చే పొడిగాలిది. ఈ తేడా గుర్తుంచుకోవడం మీ అబ్బాయికి ఎంతో అవసరం. ముసురు పట్టిన చలి రోజున పుప్పొడి తక్కువగా ఉంటుంది, గాలిలో ఉన్నది కూడా వానకు కడుక్కుపోతుంది. అయితే సంచులు మూసుకునే ఉన్నాయి గనుక సరుకు మిగిలే ఉంటుంది. నాలుగు రోజుల ముసురు తర్వాత తెరిపి ఇచ్చిన రోజున అదంతా కలిసి బయటపడుతుంది. అంతకుముందు నెలల్లో వానలు బాగా పడి ఉంటే చెట్టుకు శంకువులు కూడా ఎక్కువగా పడతాయి.

ఇక వ్యాప్తి సంగతి. ఒక్కో రేణువు మిల్లీమీటరులో సుమారు 40వ వంతు ఉంటుంది. కదలని గాలిలో సెకనుకు ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి కిందికి దిగదు. పగటి ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేచినప్పుడు రేణువులు కూడా వందల మీటర్ల ఎత్తుకు చేరి, గాలివాటున గంటల తరబడి ప్రయాణిస్తాయి. టెక్సస్‌కు ఉత్తరాన ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరం చుట్టుపక్కల ఈ చెట్లు లేకపోయినా, దక్షిణపు గాలి వీచిన జనవరి రోజుల్లో అక్కడ ఈ పుప్పొడి పడుతుందని టల్సా విశ్వవిద్యాలయ పరిశోధకులు నమోదు చేశారు. రాత్రి పరిస్థితి వేరు. చలికాలపు నిర్మలమైన రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది, దానిని ఆనుకున్న చల్లని గాలి మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. పగలు రేగిన పుప్పొడిలో కొంత ఆ మూత కిందే, మనుషుల ఎత్తులోనే నిలిచిపోతుంది. సాయంత్రం గాలి తగ్గింది కదా అని కిటికీలు తెరవడం అందుకే మంచిది కాదు.

అక్కడ రోజూ ప్రకటించే పుప్పొడి లెక్క గురించి ఒక మాట. ఒక ఘనపు మీటరు గాలిలో ఎన్ని రేణువులున్నాయో చెప్పే సంఖ్య అది. చెట్ల పుప్పొడి 1,500 దాటితే ‘అత్యధికం’ అంటారు, జునిపర్ ఒక్కటే ఆ హద్దును సునాయాసంగా దాటుతుంది. గాలిని పీల్చి, మెల్లగా తిరిగే జిగురు పట్టీ మీద రేణువులను పట్టే పరికరంతో, తర్వాత సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెడతారు. అంటే ఉదయం కనబడే అంకె గడిచిన రోజుది. రాబోయే రోజు కోసం చూడవలసింది చలిగాలి ఎప్పుడు వస్తుంది, తేమ ఎంత పడిపోతుంది అన్న వాతావరణ సూచనను.

మొదటి రెండేళ్లు ఏమీ కాకపోవడంలో వింత లేదు. శరీరం ఒక కొత్త ప్రోటీనును శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి సాధారణంగా రెండు మూడు రుతువులు పడుతుంది. జునిపర్ రేణువుకు ఇంకో గుణం ఉంది. కంటి తడికో ముక్కు తడికో తగలగానే ఉబ్బి, పై పెంకును పగలగొట్టుకుని లోపలి ప్రోటీనును వదులుతుంది. అందుకే బయటి నుంచి రాగానే ముఖం కడుక్కుని, తలస్నానం చేసి, బట్టలు మార్చుకోమనండి. ఉతికిన బట్టలు బాల్కనీలో ఆరేయవద్దనండి. సంక్రాంతి సరిగ్గా ఈ పుప్పొడి ఉద్ధృతంగా ఉండే రోజుల్లో వస్తుంది, కాబట్టి ఆరుబయట వేడుకలకు వెళ్లినా ఈ జాగ్రత్తలు మానకూడదు. మందులు వాడవలసి వస్తే, డిసెంబరుకు ముందే వైద్యుణ్ణి సంప్రదించి మొదలుపెట్టడం మేలు.

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలో చదువుతోంది. తనకూ చెట్ల పుప్పొడి పడదు. ఈసారి అక్కడ చలి తక్కువగా ఉందట. బాధ కూడా తగ్గుతుందని ఆశించవచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఆశించలేమండీ. అక్కడ ముందుగా పుప్పొడి రాల్చేవి హేజెల్, ఆల్డర్ చెట్లు. వాటి మగ పూగుత్తులు ముందు వేసవిలోనే తయారై, కొమ్మలకు బిగుసుకుని శీతాకాలం గడుపుతాయి. కొంత కాలం చలి తగిలాక, ఆపైన వెచ్చదనం దొరికితే సాగి వేలాడతాయి. చలి మెత్తగా ఉన్న ఏడాది ఫిబ్రవరి దాకా ఆగకుండా జనవరి మొదట్లోనే, ఒక్కోసారి డిసెంబరులోనే పుప్పొడి మొదలవుతుంది. కాబట్టి మీ అమ్మాయిని క్యాలెండరు కంటే ఆ కొమ్మలను గమనించమనండి. చిటికెన వేలంత పూగుత్తులు మెత్తబడి, పసుపు రంగు తిరిగి, గాలికి ఊగడం మొదలైతే మందు దగ్గర పెట్టుకోవలసిన సమయం వచ్చినట్టే.