సమాధానం: ప్రాజెక్టుకు విశేషణాలు కాదు, క్రియలు చూడమ్మా

చెల్లీ, ఉగ్రవాదంపై నాయకుల ప్రసంగాల్లో తిట్లు తప్ప ప్రాజెక్టుకు ఏమీ దొరకట్లేదని ఒడిశాలోని రాయగడ నుంచి రాశావు కదా, టెన్షన్ పడకు. ప్రతి వాక్యంలో కర్త ఎవరో, క్రియ ఏ రకమో గుర్తించు. భాషావేత్త ఎం.ఎ.కె. హాలిడే వ్యాకరణం నేర్పేది ఇదే. 2001 సెప్టెంబర్ 20న అమెరికా కాంగ్రెస్‌లో అప్పటి అధ్యక్షుడు బుష్ ఉగ్రవాదుల గురించి 'వాళ్లు మన స్వేచ్ఛలను ద్వేషిస్తారు' అన్నారు. చేసిన పని కాదది, మనసుకు సంబంధించిన క్రియ, పైగా వర్తమానం. దాంతో ద్వేషం వాళ్ల స్వభావమైపోతుంది. తెలుగులో 'ఉగ్రవాదులు చంపారు' అంటాం, అదే 'ఎదురుకాల్పుల్లో ఉగ్రవాదులు హతమయ్యారు' అంటే చంపినవాళ్లు వాక్యంలోనే ఉండరు. నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. మల్కన్‌గిరి మావోయిస్టు వార్తల్లోనూ ఈ తేడా వెతుకు. ఒడియా ప్రసంగమైతే మూలమే తీసుకో, అనువాదంలో కర్త మారిపోవచ్చు.