బంగారం కరగలేదు, నీళ్లలో వచ్చింది

చిరంజీవికి,

కోలార్ బంగారు గనుల మీద నీ వ్యాసం చదివాను. బంగారం తీశాక మిగిలిన రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బల మీద దుమ్ము లేచే చోట నీ చెయ్యి బాగా నడిచింది. కానీ మూడో పేజీలో ‘భూగర్భంలో కరిగిన బంగారం లావాలా ఉబికి పగుళ్లలో గడ్డకట్టింది’ అన్నావే, అక్కడ నాకు కోపం వచ్చింది.

బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి. ఇలాంటి రీఫులు, అంటే బంగారం దొరికే పలుగురాతి పొరలు, పుట్టే చోట వేడి అందులో సగం ఉంటే గొప్ప. బంగారాన్ని మోసుకొచ్చింది నీళ్లు. నీ వ్యాసంలో ఆ మాటే లేదు.

కోలార్ నల్లరాయి ఒకప్పటి బసాల్ట్ లావా. అలాంటి రాయి లోతుకు దిగి 500 డిగ్రీలకు చేరువైతే, అందులోని క్లోరైట్ విచ్చిపోతుంది. ఆ పచ్చటి ఖనిజం బరువులో పదో వంతుకు పైగా నీరే. ఆ నీళ్లు గంధకాన్ని కలుపుకుంటాయి, గంధకం బంగారాన్ని పట్టుకుంటుంది. మన ఎడిటర్లకు ‘భూమాత వరప్రసాదం’ ముద్దు, ‘గంధకం’ కనిపిస్తే కొట్టేస్తారు. కొట్టనివ్వకు. ఉత్త నీళ్లు బంగారాన్ని మోయలేవు.

పైకొచ్చే నీళ్లకు దారి మూసుకుపోతే ఒత్తిడి పెరుగుతుంది. అది పైనున్న రాతి బరువును మించిన క్షణాన పగులు తెరుచుకుంటుంది, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. నీళ్లలో కరిగి ఉన్న సిలికా ఇక నిలవలేక పలుగురాయిగా పేరుకుంటుంది. గంధకం కొంత ఆవిరిలోకి పోతుంది, కొంత పక్కరాతిలోని ఇనుముతో కలిసి పైరైట్, పైరోటైట్ అనే ఖనిజాలవుతుంది. పట్టు తప్పిన బంగారం అక్కడే రాలుతుంది. పలుగు పగులును పూడ్చేస్తుంది, మళ్లీ ఒత్తిడి, మళ్లీ పగులు. పలుగురాయి ముక్కను అడ్డంగా కోయించి చూడు: తెల్లటి పలుగు మధ్య సన్నటి నల్లగీతలు. ఒక్కో గీతా పగులు తెరుచుకున్నప్పుడు అంచు నుంచి ఊడిన పక్కరాతి పొర.

లెక్క కూడా రాయి. మామూలు రాతిలో టన్నుకు నాలుగు మిల్లీగ్రాములకు మించి బంగారం ఉండదు. టన్నుకు నాలుగు గ్రాముల బంగారమున్న ఖనిజం కావాలంటే వెయ్యి టన్నుల రాతిలోని బంగారమంతా ఒక టన్నులోకి చేరాలి. నీళ్లు కాక ఆ పని ఇంకేం చేస్తుంది?

మూడో పేజీ తిరగరాసి పంపు. నువ్వు కర్ణాటక సరిహద్దులోనే ఆగిపోయావు. కోలార్ శిలల పట్టీ అక్కడ ఆగలేదు, మన చిత్తూరు జిల్లా చిగరగుంట దాకా దిగింది. అదీ చేర్చు.

ఆశీస్సులతో.