తోలు ఎలా బిగించారో చూస్తే డ్రమ్ము గుట్టు తెలుస్తుంది

ప్రపంచంలో ఎన్ని రకాల డ్రమ్ములున్నాయి, వాటిలో తేడా ఎలా పట్టుకోవాలి, కొత్తగా నేర్చుకునేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. లెక్క చెప్పడం ఎవరి తరమూ కాదు. తోలూ చెక్కా దొరికిన ప్రతిచోటా మనిషి ఏదో ఒకటి బిగించి వాయించాడు. నేను చిన్నప్పుడు ఏడేళ్లు మృదంగం నేర్చుకున్నాను. పెద్దయ్యాక జెంబే పట్టుకున్నాను. మధ్యలో జపాన్ తైకో, ఐర్లండ్ బోధ్రాన్, పెరూ చెక్కపెట్టె కహోన్ కూడా కొన్నాళ్లు వాయించి చూశాను. ఏ ఒక్కటీ గొప్పగా రాదు. ఇన్ని వాయించాక అర్థమైంది ఒకటే: ఆకారం చూసి రకాలు కట్టుకుంటే అయోమయంలో పడతాం. తోలును దేనితో బిగించారు, ఆ బిగువును మార్చే వీలుందా, ఎప్పుడు మార్చవచ్చు అన్నది చూడాలి.

ఈ పాఠం నాకు ఒక జెంబే చించుకున్నాక వచ్చింది. జెంబే పశ్చిమ ఆఫ్రికాది. మాలీ, గినీ ప్రాంతాల వాద్యం. 1950లలో గినీకి చెందిన ఫోదెబా కెయితా నడిపిన నృత్యబృందం దేశదేశాలూ తిరగడంతో బయటి ప్రపంచానికి బాగా తెలిసింది. ఒకే దుంగను తొలిచి చేస్తారు, పైన మేకతోలు, దాన్ని పట్టి ఉంచే ఇనుప రింగులు, చుట్టూ అల్లిన తాడు. ఒక వానాకాలం సాయంత్రం శబ్దం మొద్దుగా వస్తోందని తాడును వరసగా మెలిపెట్టి బిగించుకుంటూ పోయాను. ఖంగుమని పలికింది, సంబరపడ్డాను. రెండు రోజుల తర్వాత గట్టిగా ఎండ కాసింది. పక్కగదిలో ఉన్నాను, టపాసు పేలినట్టు వినబడింది. వెళ్లి చూస్తే తోలు అంచు నుంచి నడిమి దాకా చిరిగి ఉంది. తేమకు తోలు సాగుతుంది, పొడిగాలికి ముడుచుకుంటుంది. నేను బిగించింది సాగిన తోలును.

డప్పు వాయించేవాళ్లు దాన్ని మంట దగ్గర కాచేది ఇందుకే. కర్ణాటక కచేరీల్లో కనబడే చిన్న చట్రం వాద్యం కంజీర వాయించేవాళ్లు తోలు లోపలివైపు నీళ్లతో తడిపి శ్రుతి దించేదీ ఇందుకే. ఒకరికి నిప్పు కావాలి, ఒకరికి నీరు కావాలి, సూత్రం మాత్రం ఒకటే. ఐర్లండ్ బోధ్రాన్ కూడా డప్పులాగే పలచటి చట్రం మీద తోలు. దాన్ని చిన్న పుల్లతో వాయిస్తూ, రెండో చేతిని వెనకనుంచి తోలుకు ఆనించి స్వరం మారుస్తారు. నాకు పుల్ల పట్టు కుదిరేసరికే ఓపిక అయిపోయింది. 1957లో రెమో బెల్లి తోలుకు బదులు ప్లాస్టిక్ పొరతో తయారైన మూతలను అమ్మకానికి తెచ్చాక, డ్రమ్‌సెట్ వాయించేవాళ్లకు ఈ వాతావరణం గోల చాలావరకు తప్పింది.

జపాన్ వాళ్ల నగాదో తైకో జెంబేకు పూర్తిగా ఎదురు. జెల్కోవా చెట్టు మానును తొలిచి, తోలును బలంగా లాగి, చుట్టూ మేకులు కొట్టేస్తారు. ఇక శ్రుతి చేయడమన్న మాటే లేదు, అది ఎలా పలికితే అలాగే. తాళ్లతో బిగించే షిమె తైకో వేరే ఉంది. బృందంగా తైకో వాయించే ఇప్పటి పద్ధతి చాలా పాతదనుకునేవాణ్ణి. నిజానికి 1951లో దైహాచి ఒగుచి అనే జాజ్ డ్రమ్మర్ మొదలుపెట్టాడు. నేను వెళ్లిన తైకో శిక్షణలో మొదటి గంట కర్రలే ఇవ్వలేదు. నోటితో "దొన్, దోకో, క" అని చెప్పించారు. పెద్ద దెబ్బ దొన్, అంచు మీద కొడితే క. నాకు నవ్వొచ్చింది. ఏళ్ల తరబడి మృదంగం పాఠం తధితొంనం అని చేత్తో తొడ మీద కొట్టుకుంటూ పెరిగినవాణ్ణి కదా!

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది నైజీరియాలో యోరుబా వాళ్ల దుందున్. నడుము సన్నంగా, మన ఢమరుకానికి అన్నలా ఉంటుంది. రెండు మూతల మధ్య బోలెడు తోలు తాళ్లు. చంకలో పెట్టుకుని నొక్కితే తాళ్లు బిగిసి స్వరం లేస్తుంది, వదిలితే దిగుతుంది. యోరుబా భాషలో ఒకే అక్షరం హెచ్చు, మధ్యమ, తగ్గు స్వరాల్లో పలికితే అర్థాలు మారిపోతాయి, ఆ ఎగుడుదిగుళ్లనే డ్రమ్ము అనుకరిస్తుంది. ఒకే వరస చాలా మాటలకు సరిపోతుంది కాబట్టి విడి మాటలు కాకుండా అందరికీ తెలిసిన పొడవాటి పదబంధాలు వాయిస్తారు. నేను ఒకసారి చంకలో పెట్టుకుని చూశాను, అది మాట్లాడలేదు, మూలిగింది. కేరళ ఇడక్క కూడా ఈ కుటుంబమే. దాని పట్టీని లాగుతూ రాగాలే పలికిస్తారు.

ఇక మృదంగం, తబలాల సంగతి వేరు. మామూలు గుండ్రటి పొరను కొడితే, అన్నిటికంటే కిందిదైన మూలస్వరం కంపన వేగం 1 అనుకుంటే, దాంతోపాటు మోగే పైస్వరాలు 1.59, 2.14, 2.30 ఇలా పొంతన లేకుండా వస్తాయి. తీగలోనైతే 2, 3, 4 అని చక్కగా వస్తాయి. చాలా డ్రమ్ముల్లో దెబ్బ వినబడుతుంది కానీ స్వరం వినబడకపోవడానికి కారణం ఇదే. మన మూత మధ్యలో పొరలు పొరలుగా రుద్దిన నల్లటి ముద్ద, నడిమి మందంగా అంచుకు పలచగా ఉండి, ఆ నిష్పత్తులను పూర్ణాంకాల దగ్గరికి తెస్తుంది. సి.వి.రామన్ 1920లో 'నేచర్' పత్రికలో ఈ సంగతే రాశారు. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలోని టింపనీ ఇదే చిక్కును ఇంకో దారిలో విప్పుకుంది. ముద్ద లేదు. రాగిగిన్నె మీద బిగించిన పొరను నడిమిన కాకుండా అంచుకు దగ్గరగా కొడతారు. పొర తనతోపాటు కదిలించే గాలి బరువువల్ల ముఖ్యమైన స్వరాలు దాదాపు 2:3:4 నిష్పత్తిలోకి వస్తాయి.

తోలే లేనివాటి మాటేమిటి? నాట్యశాస్త్రం రాసిన భరతుడి లెక్కలో తోలు కప్పినవి అవనద్ధాలు, తనకు తాను మోగేది ఘనం. ఆ లెక్కన పెరూ కహోన్ చెక్కపెట్టె, ట్రినిడాడ్ స్టీల్‌పాన్ చమురు పీపా అడుగును సాగగొట్టి చేసిన రేకు, రెండూ ఘనాలే. పేరులో ఏముందిలెండి, కహోన్ మీద కూర్చుని వాయిస్తుంటే నాకు డ్రమ్మే అనిపించింది. తోలున్నవాటిలో రాపిడితో మోగించేవీ ఉన్నాయి: మన ఉరుమి, బ్రెజిల్ కూయికా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు కహోన్‌కే. శ్రుతి బెడద లేదు, వానకూ ఎండకూ తోలు చిరగదు, చేతికి లయ అలవడుతుంది. సరైన గురువు దొరికితే మాత్రం ఆలోచించకుండా మృదంగమో తబలానో పట్టుకోండి, వీడియోలు చూసి వచ్చే విద్యలు కావవి. జెంబేకు వచ్చేటప్పుడు ఆ వేళ్ల అలవాటు కాస్త అడ్డొస్తుంది. నాకు వేళ్లు విడివిడిగా పడి, స్లాప్ అనే చురుకైన దెబ్బ శుభ్రంగా రావడానికి ఆరు నెలలు పట్టింది. ఏది వాయించినా ముందు ఉంగరం తీసేయండి. నా జెంబేకు వేయించిన కొత్త తోలు మీద నా ఉంగరం గీసిన గీత ఇంకా ఉంది.