అమ్మాయి పేరు నలుగురికీ తెలియాలంటే

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి కానీ మనిషి బొత్తిగా మితభాషి. ఆమె ఈడు వాడే, మా బావమరిది కొడుకు, లింక్డ్‌ఇన్‌లో రోజూ ఏదో ఒకటి రాస్తుంటాడు. వేల మంది ఫాలోవర్లున్నారు. పర్సనల్ బ్రాండ్ లేనివాళ్లకు ఇకమీదట ఉద్యోగాలు రావని అందరూ అంటున్నారు. అందుకని అమ్మాయి పేరిట ఖాతా తెరిచి, ప్రస్తుతానికి పండుగ శుభాకాంక్షలు, మంచి మాటలు నేనే పెడుతున్నాను. 35 వేల రూపాయలకు మూడు నెలల పర్సనల్ బ్రాండింగ్ కోర్సు ఒకటి ఉంది. ఆ డబ్బుతో తనను వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) శిక్షణలో చేర్చమంటోంది అమ్మాయి. రెండింటినీ పోల్చి ఏది మేలో చెప్పగలరు.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ముందు ఆ ఖాతా పాస్‌వర్డు మీ అమ్మాయి చేతికివ్వండి. ఇచ్చిన వెంటనే దాన్ని మార్చుకోమని కూడా చెప్పండి. మిగతా సంగతులు ఆ తర్వాత.

కోపం తెచ్చుకోకండి. ఇరవై ఏళ్ల ఆడపిల్ల పేరు మీద, ఆమె ఫోటో పెట్టి, ఆమె అనని మాటలు పదిమందికీ చెబుతున్నారు మీరు. ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కానీ రేపు ఇంటర్వ్యూలో ఎవరైనా ‘నాయకత్వం గురించి చక్కగా రాశారే, కాస్త వివరించండి’ అంటే ఆమె ఏం చెప్పాలి? మా నాన్న రాశారని చెప్పాలా? అసలే తక్కువ మాట్లాడే అమ్మాయిని సంజాయిషీ చెప్పుకునే స్థితిలోకి మీరే నెడుతున్నారు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఊరు మారుతుంది, కోర్సు ఫీజు మారుతుంది. అడుగున ఉన్న భయం మాత్రం ఒకటే: మా పిల్ల నోరు తెరవదు, నోరున్నవాళ్లు ముందుకు వెళ్లిపోతారు. కాబట్టి ఆ భయానికే ముందు జవాబు చెబుతాను.

కాలేజీకి వచ్చే కంపెనీలు మార్కుల హద్దు పెట్టి, ఆన్‌లైన్ పరీక్ష పెట్టి, తర్వాత సాంకేతిక ఇంటర్వ్యూ చేస్తాయి. ఇందులో ఫాలోవర్ల సంఖ్య అడిగే గడి ఎక్కడా ఉండదు. ముఖ్యంగా చిప్ డిజైన్ ఇంటర్వ్యూల్లో కాగితం ముందు పెట్టి సర్క్యూట్ గీయమంటారు, చిప్ డిజైన్‌కు వాడే వెరిలాగ్ భాషలో నాలుగు లైన్లు రాయమంటారు. అక్కడ గలగలా మాట్లాడేవాళ్ల కంటే, ఆలోచించి రెండు ముక్కలు సరిగ్గా చెప్పేవాళ్లే నయం. మీరు లోపమనుకుంటున్న మితభాషణ ఆ గదిలో ఆమెకు అడ్డం కాదు. తాను చేసిన పని గురించి అడిగినప్పుడు పది నిమిషాలు తడబడకుండా చెప్పగలిగితే చాలు. అది వక్తృత్వం కాదు, సాధనతో వచ్చేదే.

ఇక బ్రాండ్ సంగతి. మనిషి తనను తానే ఒక బ్రాండుగా చూసుకోవాలన్న ఆలోచనకు ఊపు తెచ్చింది 1997లో అమెరికా పత్రిక ‘ఫాస్ట్ కంపెనీ’లో టామ్ పీటర్స్ రాసిన వ్యాసం. అప్పటికి లింక్డ్‌ఇన్ పుట్టనేలేదు. అది జనంలోకి వచ్చింది 2003లో. ఆ వ్యాసం ఉద్దేశించింది ప్రధానంగా అప్పటికే ఉద్యోగాల్లో ఉండి, ఎంతో కొంత పని చేసి చూపించినవాళ్లను. మన దగ్గరికి వచ్చేసరికి అది ఇంకా ఏ పనీ మొదలుపెట్టని విద్యార్థులకు అమ్మే కోర్సుగా మారింది. వంట మొదలుపెట్టకుండానే విస్తళ్లు వేసి కూర్చోబెట్టినట్టుంది వ్యవహారం.

‘అందరికీ బ్రాండ్ కావాలి’ అన్న మాట కూడా నిజం కాదు. న్యాయవాదులు ప్రకటనలతో కక్షిదారులను రప్పించుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోని 36వ నియమం చెబుతోంది. వైద్యుల ప్రచారంపైనా వృత్తి నియమావళిలో ఆంక్షలున్నాయి. ప్రభుత్వోద్యోగులకు ప్రవర్తనా నియమాలు వేరే ఉన్నాయి. వాళ్లెవరూ పేరు లేకుండా బతకడం లేదు. గుంటూరులో మంచి డాక్టరు పేరు పల్లెలకు ఎలా చేరుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అలాగని తీసిపారేయడం లేదు. సొంతంగా పని వెతుక్కునే డిజైనర్లకు, రచయితలకు, ఫ్రీలాన్సర్లకు, ఏడెనిమిదేళ్ల అనుభవంతో ఉద్యోగం మారాలనుకునేవాళ్లకు బయట నలుగురికీ తెలిసి ఉండటం నిజంగా ఉపయోగం. తమ అనుభవాన్ని ఓపికగా రాసి, దానివల్లే పిలుపు అందుకున్నవాళ్లున్నారు. నా అనుమానమంతా విద్యార్థులకు నేర్పుతున్న తంతు మీద. రోజుకో పోస్టు. ప్రతి సర్టిఫికెట్‌కూ ‘ఆనందంగా ప్రకటిస్తున్నాను’ అన్న మొదటి వాక్యం. ఇరవై మంది గుంపు కట్టి ఒకరి పోస్టుకు ఒకరు లైకులు కొట్టుకోవడం. ఈ మధ్య ఆ రాత కూడా కృత్రిమ మేధ చేత రాయిస్తున్నారు కాబట్టి వందమంది గొంతు ఒకేలా వినిపిస్తోంది. ఇది నేర్పే గురువుల్లో చాలామంది ఏ రంగంలో పేరు తెచ్చుకున్నారో చూడండి. బ్రాండింగ్ కోర్సులు అమ్మడంలోనే. ఆ కోర్సు నిర్వాహకులను ఒక్క ప్రశ్న అడగండి: మీ దగ్గర నేర్చుకున్న ఈసీఈ విద్యార్థి ఎవరికైనా ఈసీఈ ఉద్యోగం ఆ పోస్టుల వల్లే వచ్చిందా, ఆ విద్యార్థితో మాట్లాడించగలరా?

మరో ప్రమాదముంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఉత్సాహంలో పిల్లలు ఆఫర్ లెటర్ ఫోటో, కంపెనీ గుర్తింపు కార్డు, ఇంటర్న్‌షిప్‌లో తెర మీద కనిపించిన పని అన్నీ పెట్టేస్తున్నారు. చిప్ కంపెనీల్లో గోప్యతా ఒప్పందం మీద సంతకం చేశాకే లోపలికి రానిస్తారు. అక్కడి ఒక్క స్క్రీన్‌షాట్ బయటికొస్తే ఉద్యోగానికే ముప్పు.

మీ అమ్మాయి ఏం చేయాలో చెబుతాను. ఒక చిన్న డిజైన్ తీసుకోమనండి. ఉదాహరణకు రెండు వేర్వేరు క్లాకుల మధ్య డేటాను, ముందొచ్చింది ముందు అన్న వరుసలో, దాటించే అసింక్రనస్ ఫిఫో. ఇంటర్వ్యూల్లో తరచూ అడిగేదే. దాన్ని వెరిలాగ్‌లో రాయాలి, అది సరిగ్గా పనిచేస్తోందో పరీక్షించే కోడ్ (టెస్ట్‌బెంచ్) రాయాలి, ఎక్కడ తప్పిందో కనిపెట్టి సరిచేయాలి. అడ్రస్ పాయింటర్లకు గ్రే కోడ్ ఎందుకు వాడిందో, సిగ్నల్‌ను వరుసగా రెండు ఫ్లిప్‌ఫ్లాపుల గుండా ఎందుకు పంపిందో, మొదట ఎక్కడ బోల్తాపడిందో ఒక పేజీలో తన మాటల్లో రాసి, కోడ్‌తో పాటు గిట్‌హబ్‌లో (కోడ్‌ను నలుగురూ చూసేలా పెట్టుకునే వెబ్‌సైట్) పెట్టాలి. వచ్చీరాని ఇంగ్లిష్ అయినా ఫరవాలేదు, సొంతదైతే చాలు. ఇలాంటివి ఏడాదిలో రెండు చేసినా ఎక్కువే. దీనికి పైసా ఖర్చు లేదు. ఐకారస్ వెరిలాగ్, జీటీకేవేవ్, యోసిస్ అన్నీ ఉచితంగా దొరికే సాధనాలే. పాఠాలకు ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్ ఉంది.

లింక్డ్‌ఇన్ ఖాతా ఉంచుకోవచ్చు. దాన్ని రంగస్థలంగా కాకుండా చిరునామాగా వాడుకోవాలి, అంతే. నియామకాలు చేసేవాళ్లు అక్కడ ఎక్కువగా చేసేది వెతుకులాట. నైపుణ్యం, ఊరు, చదువు పూర్తయ్యే ఏడాది లాంటి మాటలు కొట్టి చూస్తారు. పేరు కింద ‘కలలు కనే అమ్మాయి, నిత్య విద్యార్థి’ అని మీరు పెట్టే ఉంటారు. దాన్ని తీసేసి ‘ఈసీఈ విద్యార్థిని, వెరిలాగ్, డిజిటల్ డిజైన్’ అని పెట్టమనండి. గిట్‌హబ్ లంకె ఇవ్వమనండి. సూక్తులన్నీ తొలగించండి. ఈ పనికి ఒక సాయంత్రం చాలు, మూడు నెలల కోర్సు అక్కర్లేదు.

పరిచయాల విషయంలో మాత్రం పట్టుబట్టి చెబుతాను. ఉద్యోగ సమాచారం ఎవరి ద్వారా అందుతుందన్న దానిపై సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధం. దగ్గరి స్నేహితుల కంటే అప్పుడప్పుడు కలిసే ముఖపరిచయస్థుల వల్లే ఎక్కువమందికి ఆ కబురు అందిందని తేలింది. 2022లో లింక్డ్‌ఇన్‌లోని దాదాపు 2 కోట్ల మంది సమాచారంతో చేసిన అధ్యయనమూ, మరీ దగ్గరివాళ్ల కంటే ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్లే ఉద్యోగం మారడానికి ఎక్కువ సాయపడ్డారని చెప్పింది. మీ అమ్మాయికి అలాంటివాళ్లు ఎవరు? ఆమె కాలేజీ సీనియర్లు. క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ లాంటి కంపెనీలకు హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. అలాంటి చోట్ల పనిచేస్తున్న సీనియర్లను నలుగురైదుగురిని వెతికి, ఇంత చిన్న సందేశం పంపమనండి: ‘అక్కా, నేను మన కాలేజీలో ఈసీఈ మూడో సంవత్సరం. ఒక ఫిఫో డిజైన్ చేశాను, లంకె ఇదిగో. వెరిఫికేషన్ వైపు వెళ్లాలంటే తర్వాత ఏం నేర్చుకోవాలో వీలైనప్పుడు చెప్పగలరా?’ ఉద్యోగం ఇప్పించమని అడగకూడదు. నలుగురిలో ఒక్కరు జవాబిచ్చినా లాభమే. మితభాషులకు ఈ దారి సభలో మాట్లాడటం కంటే ఎంతో సులువు.

మీ బావమరిది కొడుకు గురించి ఒక్క మాట. అతనికి రాయడం ఇష్టమేమో, అతని దారి అతనికి కలిసి రావచ్చు. ఆ అబ్బాయిని చూపించి ఈ అమ్మాయిని రోజూ కొలవడం మానండి. డబ్బు ఎక్కడ పెడితే తనకు ఉపయోగమో స్పష్టంగా చెప్పిన పిల్ల ఆమె. ఆ స్పష్టత ఈ వయసులో చాలామందికి ఉండదు. మీరది వినకుండా నాకు ఉత్తరం రాశారు.

పోల్చమన్నారు కాబట్టి: బ్రాండింగ్ కోర్సు వద్దు. వీఎల్‌ఎస్‌ఐ శిక్షణ ఆలోచించదగ్గదే కానీ ఇప్పుడే ఫీజు కట్టకండి. రెండు నెలలు ఉచిత సాధనాలతో ఆ ఫిఫో చేయనివ్వండి. ఆ పని నచ్చి, ఇంకా కావాలంటే అప్పుడు సంస్థకు తనతో పాటు వెళ్లండి. సినాప్సిస్, కేడెన్స్ లాంటి కంపెనీల అసలు చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సుతో ఉందా, ల్యాబ్‌లో ఒక్కొక్కరికీ రోజుకు ఎన్ని గంటలు దొరుకుతుంది, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు అన్నవి కాగితం మీద రాసిమ్మని అడగండి. నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అంటే లేచి వచ్చేయండి. అక్కడ ప్రశ్నలు మాత్రం అమ్మాయినే అడగనివ్వండి.