తీసేసిన గదుల గురించి రాసే తమ్ముడికి

తమ్ముడూ,

బాగుండావా? అనంతపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. పెన్సిల్ చేత పట్టుకుని నిదానంగా చదివాను. ‘స్టాకర్: షాడో ఆఫ్ చెర్నోబిల్’ అనే వీడియో గేమ్‌లోంచి తీసేసిన మ్యాపుల మీద, అంటే ఆటగాడు తిరిగే ప్రదేశాల మీద, తెలుగులో ఒకరు ఇంత ఇష్టంగా రాయడం చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ మ్యాపుల్లో ఒకటైన డెడ్ సిటీలో ఖాళీ అపార్టుమెంట్ల మధ్య నువ్వు నడిచిన పేరా ఉంది చూడు, అక్కడ నీ చెయ్యి తిరిగింది. తలుపు దాకా పోయాక దాని వెనక అసలు గదే కట్టలేదని తెలిసిన క్షణాన్ని రెండు చిన్న వాక్యాల్లో చెప్పి ఊరుకున్నావు. ఆ పేరాని ముట్టుకోవద్దు.

మొదటి వాక్యం మాత్రం తీసెయ్. ‘అసలు గేమ్‌ని మనకు చూపించకుండా దాచేశారు’ అని ఎత్తుకున్నావు. ఎవరు దాచారు? అసలు గేమ్ అంటే 2007 మార్చిలో జనం చేతికొచ్చిందే. మిగిలినవన్నీ దాని చిత్తుప్రతులు. చిత్తుప్రతిని పట్టుకుని ఇదే అసలంటే, ఏళ్ల తరబడి కూర్చుని దాన్ని దిద్దిన మనుషుల పనిని ఒక్క మాటతో కొట్టిపారేసినట్టవుతుంది. కట్ కంటెంట్ మీద, అంటే విడుదలకు ముందు తీసేసిన వాటి మీద, వచ్చే రాతల్లో చాలావాటికి ఈ జబ్బుంది. పోయిందంతా గొప్పది, మిగిలిందంతా రాజీ. నీకు అది అంటుకోకూడదనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఆ గేమ్ ఎట్లా తయారైందో ఒకసారి వరసగా చూడు. కీవ్‌లోని జీఎస్‌సీ గేమ్ వరల్డ్ వాళ్లు దాన్ని మొదట ‘ఆబ్లివియన్ లాస్ట్’ అనే పేరుతో ప్రకటించారు. అప్పటి ఊహ వేరు. చెర్నోబిల్ నిషిద్ధ ప్రాంతానికి స్వయంగా వెళ్లి ఫొటోలు తీసుకొచ్చాక ఆటంతా అటు మళ్లింది. 2003లో వస్తుందన్నది వాయిదా మీద వాయిదా పడింది. చివరికి పబ్లిషర్ టీహెచ్‌క్యూ తన మనిషిని కీవ్ పంపి, ఏది ఉంచాలో ఏది తియ్యాలో తేల్పించి గేమ్‌ని బయటికి తెప్పించాల్సి వచ్చింది. ఆ తేల్చడంలోనే నడుపుకునే కార్లు పోయాయి, నిద్రపోవడం పోయింది, డెడ్ సిటీ పోయింది, చిత్తడి నేలలు పోయాయి. బ్యూరర్, కిమెరా అనే మృగాలు పోయాయి. ఆటగాడితో పనిలేకుండా, జోన్ అని పిలిచే ఆ నిషిద్ధ ప్రాంతంలోకి చొరబడి తిరిగే మిగతా స్టాకర్లు తమ బతుకు తాము బతికే ఏ-లైఫ్ వ్యవస్థకు పగ్గాలు బిగించారు.

నీ వ్యాసంలో రాని సంగతి ఏమిటంటే, పోయినవన్నీ పోలేదు. చిత్తడి నేలలు 2008లో వాళ్ల తర్వాతి గేమ్ ‘క్లియర్ స్కై’లో వచ్చాయి. బ్యూరర్, కిమెరా 2009లో ‘కాల్ ఆఫ్ ప్రిప్యత్’లో వచ్చాయి. అంటే తీసిన చెయ్యే భద్రంగా పక్కన పెట్టుకుని, చోటు దొరికినప్పుడు వాడుకుంది. ‘దాచేశారు’ అనే మాట ఇక్కడ ఎట్లా నిలుస్తుంది చెప్పు.

కార్ల దగ్గర కాసేపు ఆగు. నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు గానీ, నాకైతే విషయమంతా అక్కడే ఉంది. కార్లు నడిపే కోడ్ విడుదలైన గేమ్‌లో మిగిలే ఉంది. అభిమానులు మోడ్‌లు, అంటే గేమ్‌కి సొంత మార్పులు, చేసి దాన్ని మళ్లీ పనిలో పెట్టారు. నువ్వూ అట్లాంటి మోడ్ ఒకటి వేసుకుని ఆట మొదలయ్యే కార్డన్ మ్యాప్ నుంచి ఉత్తరానికి కారులో పోయి చూడు. తర్వాత అదే దారిన రాత్రిపూట నడిచిపో. నడుస్తున్నప్పుడు రేడియేషన్‌ని పసిగట్టే గైగర్ కౌంటర్ టిక్కుమంటే కాలు ఆగుతుంది. బోల్టు తీసి ముందుకు విసురుతావు. అది పడిన చోట గాలి మెలితిరిగితే అక్కడ కంటికి కనపడని ప్రమాదం ఉందని పక్కకు తప్పుకుంటావు. చీకట్లో కుక్కలు మొరిగితే తుపాకీలో ఎన్ని గుళ్లున్నాయో చూసుకుంటావు. కారెక్కితే ఇవేవీ ఉండవు. జోన్ మొత్తం అద్దం అవతల పారిపోతుంది, నువ్వు మాత్రం క్షేమంగా లోపల కూర్చుని ఉంటావు. కార్లు తియ్యడానికి గడువు ఒత్తిడీ సాంకేతిక చిక్కులూ కూడా ఉండి ఉండొచ్చు. కానీ కార్లు పోవడం వల్లే ఆ ఆటలో భయం బతికిందని నేను గట్టిగా నమ్ముతాను. నువ్వు అట్లా అనుకోకపోతే నీకు తోచినట్టే రాయి, కాకపోతే కారులోనూ కాలినడకనా రెండు రకాలుగా పోయి వచ్చాక రాయి. అప్పుడు నీ వ్యాసంలో తీసేసిన వస్తువుల జాబితా ఉండదు, ఆలోచన ఉంటుంది.

అభిమానుల ఆరాటాన్ని చిన్నచూపు చూడమని నేననడం లేదు. అది నాకూ ఉంది. భయపెట్టే గేముల విషయంలో అది మరీ ఎక్కువ ఉండటానికి కారణం కూడా ఉంది. ఆడినన్ని గంటలూ ఆ గేమే మనకు నేర్పుతుంది, మూసిన తలుపు వెనక ఏదో ఉందని. ఆట అయిపోయినా ఆ అలవాటు పోదు. స్క్రీన్ మీది తలుపులు అయిపోయాక ఫైళ్ల తలుపులు తడతాం.

మీది ఉమ్మడి అనంతపురమే కదా, లేపాక్షి చూసే ఉంటావు. పూర్తయిన నాట్య మండపంలో జనం స్తంభాల మీది శిల్పాలు చూసి ముందుకు నడుస్తారు. కప్పు లేని కల్యాణ మండపం దగ్గరికి వచ్చేసరికి నిలబడి ‘ఎందుకాపేశారు?’ అని అడుగుతారు. గుడి కట్టించిన విరుపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు విసిరికొట్టాడనీ, ఆ ఎర్ర మరకలు ఇవేననీ గైడు చూపిస్తాడు. ఆగిపోయిన పని ఉన్నచోట కథ పుట్టకుండా ఉండదు. పుట్టినందుకు నేను తప్పుపట్టను, ఆ కథ విన్నప్పుడల్లా నాకూ ఒళ్లు జలదరిస్తుంది. రాసేవాడు మాత్రం నిలబడి ఉన్న స్తంభం వేరు, దాని మీద అల్లిన కథ వేరు అని పాఠకుడికి తెలిసేలా రాయాలి. నువ్వు రెంటినీ ఒకే గొంతుతో చెప్పావు.

ఉదాహరణకు, 2004 అక్టోబరు నాటి 1935 నంబరు బిల్డ్‌ని, అంటే తయారీ మధ్యలో ఉన్న గేమ్ ప్రతిని, జీఎస్‌సీ వాళ్లే 2009లో అభిమానుల చేతికిచ్చారు. అది వాళ్ల వర్క్‌షాప్‌లోంచి నేరుగా వచ్చిన ప్రతి. ‘లాస్ట్ ఆల్ఫా’ సంగతి అది కాదు. పోయిన మ్యాపుల్ని ఆధారంగా పెట్టుకుని అభిమానులు ఏళ్ల తరబడి తిరిగి కట్టి, 2014లో విడుదల చేసిన గేమ్ అది. ఎంతో ప్రేమతో చేశారు, కానీ దొరకని చోట సొంతంగా పూరించారు. నీ వ్యాసం మూడో పేజీలో ఈ రెండూ కలిసిపోయాయి. విశ్వదాభిరామ అని చివర తగిలించినంత మాత్రాన ప్రతి పద్యమూ వేమనది అయిపోదు కదా.

వేమన అంటే గుర్తొచ్చింది. కడపలో మా ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది, నువ్వు చూడాల్సిన చోటు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, తన జీతంలోంచి పండితులకు జీతాలిచ్చి, తాళపత్రాలు తెప్పించి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి సరిచూయించాడు. వేమన పద్యాల్ని పోగుచేసి 1829లో అచ్చు వేయించింది ఆయనే. ఏ ప్రతిలో ఏ పాఠం ఉంది, ఏది లేఖకుడి చేతప్పు, ఏది తర్వాతెవరో చేర్చిన ప్రక్షిప్తం అని తేల్చుకోవడమే ఆ పండితుల రోజువారీ పని. నువ్వు మొదలుపెట్టింది అచ్చంగా ఆ పనే, తాటాకుల చోట బిల్డులు వచ్చాయి అంతే. కాబట్టి ఆ క్రమశిక్షణ కూడా తెచ్చుకో. నువ్వు వర్ణించే ప్రతి గదికీ, ప్రతి మృగానికీ పక్కన బిల్డ్ నంబరు, తేదీ, ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకో. అవన్నీ వ్యాసంలోకి ఎక్కించక్కర్లేదు గానీ, అడిగినవాళ్లకు చూపించగలగాలి. మన సీమలో చదివేవాళ్లు ఊరుకోరు, ‘ఇది యాడుంది, చూపియ్యప్పా’ అంటారు. అట్లా అడిగేవాళ్లుండటం నీ అదృష్టం.

ఫైళ్లలో దొరికిందల్లా చివరి నిమిషంలో తీసేసింది అనుకోవద్దు. విడుదల దగ్గరపడ్డాక ఒక ఫైల్ తీస్తే దాన్ని పిలిచేది ఇంకేదో కూలుతుందేమోనని డెవలపర్లకు భయం. అందుకని వస్తువుని తియ్యకుండా దానికి పోయే దారి మూసేస్తారు. తలుపు తెరుచుకోదు, గొంతు వినిపించే స్క్రిప్టు నడవదు, కానీ గదీ గొంతూ డిస్కులో ఉండిపోతాయి. వాటిలో కొన్ని ఊరికే పరీక్ష కోసం పెట్టినవి. పేరు తప్ప ఇంకేమీ మిగలని ఫైల్ మీద నువ్వు ఒక పేరా అంతా ఊహించావు. ఊహ బాగుంది, కథగా రాసుకో. ఈ వ్యాసంలో వద్దు.

దగ్గరగా చూడటానికి నీకు ఒక వస్తువు చూపిస్తాను. వాల్వ్ కంపెనీ చేసిన ‘హాఫ్-లైఫ్ 2’ అనే గేమ్‌లో ఎలై వాన్స్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలోకి పోయినప్పుడు చుట్టూ పరికించు. ఒక గాజు జాడీలో తల ఒకటి ఉంటుంది. అది క్రిమేటర్ తల. పొడుగు కోటు వేసుకుని, వీధుల్లో పడి ఉన్న శవాల్ని కాల్చుకుంటూ తిరిగే పాత్రగా అతన్ని ఊహించారు, తర్వాత తీసేశారు. బతికున్న క్రిమేటర్ ఆటలో ఎక్కడా ఎదురుపడడు. జాడీలో తల మాత్రం మిగిలింది. తెలియనివాడికి అది ప్రయోగశాలలో ఇంకో వింత. తెలిసినవాడికి, కనిపించని ఊళ్లో ఎలాంటి పనులు జరుగుతున్నాయో చెప్పే ఆనవాలు. పూర్తి పాత్రని తీసి, అతని నీడని మాత్రం ఇంత పొదుపుగా వదలడం గొప్ప రచన. తీసేసిన వాటికోసం ఫైళ్లు తవ్వేముందు, పూర్తయిన ఆటలోనే అవి వదిలిన గుర్తులు వెతుకు. నీ స్టాకర్ వ్యాసంలో అలాంటిది ఒక్కటైనా ఉంటే బరువు పెరుగుతుంది.

ఆ ఆటలోంచే హైడ్రా అనే మృగాన్నీ తీసేశారు. దాని సంగతి ఆ గేమ్ తయారీ మీద వచ్చిన పుస్తకంలో వాళ్లే చెప్పుకున్నారు. అది ఇంకొకరి మీద పడుతుంటే చూడటానికి అద్భుతంగా ఉండేదట, ఆటగాడి మీద పడితే మాత్రం విసుగు తప్ప ఏమీ మిగల్లేదట. మన కథల్లో కూడా ఇలాంటి పేజీలుంటాయి, చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టించుకుని కథని మాత్రం ముందుకు కదలనివ్వనివి. హైడ్రాని వదులుకున్నవాళ్లకి అది ఎంత ఇష్టమో ఆలోచించు, అప్పుడు ఆ కోతకు నువ్వు గౌరవం ఇస్తావు.

బిల్డ్ ఎట్లా బయటికొచ్చిందో కూడా రాయాలి, ఈ విషయంలో నేను మెత్తగా ఉండను. స్టాకర్ 1935 బిల్డ్‌ని దాన్ని తయారుచేసినవాళ్లే ఇచ్చారు. హాఫ్-లైఫ్ 2 విడుదల కాకముందు, 2003లో, వాల్వ్ నెట్‌వర్క్‌లోకి చొరబడి సోర్స్ కోడ్ ఎత్తుకుపోయారు. ఆడదగ్గ అసంపూర్తి బిల్డ్ కూడా జనంలో పడింది. ఆట వచ్చింది 2004 నవంబరులో. సగం దిద్దిన ప్రతిని నీ చేతిలోంచి ఎవరో లాక్కుని ఊరంతా పంచితే నీకెట్లా ఉంటుంది? అందులో చూసినవాటి గురించి రాయొద్దని అనను, అవి ఇప్పుడు చరిత్రలో భాగం. దొంగిలించిన ప్రతి అని మాత్రం పాఠకుడికి చెప్పి రాయి.

నువ్వు ఉత్తరం చివర అడిగావు, నీ కథల్లోంచి తీసేసిన భాగాల్ని సంపుటి వెనక అనుబంధంగా వేయొచ్చా అని. వద్దు. హాఫ్-లైఫ్ కథలు రాసిన మార్క్ లెయిడ్‌లా 2017లో, హాఫ్-లైఫ్ 2కి కొనసాగింపుగా రావాల్సి ఉండి ఎన్నటికీ రాని మూడో ఎపిసోడ్ కథ సారాంశాన్ని ఉత్తరం రూపంలో, పేర్లు మార్చి, తన సైట్‌లో పెట్టాడు. అభిమానులు అదే మూడో ఎపిసోడ్ అన్నట్టు పట్టుకున్నారు. కొన్నేళ్ల తర్వాత ఆయనే, అది పెట్టకుండా ఉండాల్సిందని అన్నాడు. అసలు కథ అనేది అందరూ కూర్చుని గేమ్ తయారుచేసే క్రమంలోనే పుడుతుంది, కాబట్టి తను పెట్టింది మూడో ఎపిసోడ్ కానే కాదని ఆయన మాటల సారం. నీకు పనికొచ్చేది ఆ రెండో సంగతి. తీసేసిన భాగం ఒంటరిగా బయటికొస్తే, అది ఎన్నడూ పొందని పూర్తి రూపాన్ని పాఠకుడు దానికి అంటగడతాడు. ఆ పేజీల్ని తేదీ వేసి అట్టపెట్టెలో పెట్టుకో. పదేళ్ల తర్వాత ఇంకో కథలో వాటికి చోటు దొరకొచ్చు, బ్యూరర్‌కి దొరికినట్టు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. కార్ల భాగాన్ని కనీసం రెండు పేజీలకు పెంచు. లాస్ట్ ఆల్ఫాలో చూసినవాటిని విడిగా ఒకచోటికి తెచ్చి, కట్టినవాళ్లకి ఇవ్వాల్సిన పేరు ఇవ్వు. ‘మతిపోగొట్టే’, ‘ఊహకందని’ లాంటి మాటలు ఎక్కడున్నా కొట్టెయ్, ఆ చోట ఏం కనిపించిందో రాయి. మ్యాప్, బిల్డ్, మోడ్ లాంటి మాటలకు తెలుగు కోసం కష్టపడొద్దు, గేమ్ ఆడే పిల్లలు ఏమంటున్నారో అదే రాయి.

దసరా సెలవుల్లో కడపకు రా. ల్యాప్‌టాప్ తెచ్చుకో, 1935 బిల్డ్ అందులో ఉంచుకో. పొద్దున బ్రౌన్ గ్రంథాలయానికి పోదాం, మధ్యాహ్నం మా ఇంట్లో ఆ బిల్డ్‌నీ, విడుదలైన గేమ్‌నీ పక్కపక్కన పెట్టి ఒక్కో మ్యాపూ సరిచూసుకుందాం. బస్సు ఎక్కేముందు ఫోన్ చెయ్యి.

నీ అన్న
కడప