స్టెల్వియో: 28 పళ్ల గేరు చాలదు

మ్యూనిక్ నుంచి జులైలో వెళ్తున్నానని, సైకిల్‌కి ముందు 34, వెనక 28 పళ్ల గేరుతో ఇటలీ ఆల్ప్స్‌లోని స్టెల్వియో కనుమ రోడ్డుని ప్రాటో ఊరి వైపు నుంచి ఎక్కగలనా అని, పైన నడవడానికి దారేదైనా ఉందా అని అడిగారు కదండీ.

ఎక్కగలరేమో గానీ మోకాళ్లు తిట్టుకుంటాయి. సుమారు 24 కిలోమీటర్లు, అందులో పైకి ఎక్కాల్సింది 1,800 మీటర్లు. వెనక 34 పళ్ల దాకా ఉండే క్యాసెట్ (పళ్ల చక్రాల సెట్టు) వేయించండి. గేర్లు మార్చే మీ డీరెయిలర్‌కి అది పడుతుందో లేదో షాపులో కనుక్కోండి. 48 మలుపులకూ నంబర్లుంటాయి, పైకెళ్లే కొద్దీ తగ్గుతాయి. దారిలోని ట్రఫోయ్ ఊరి దాకా మలుపులు తక్కువే, చాలామంది అక్కడే ఊపిరంతా ఖర్చుపెట్టేస్తారు. ఫ్రాన్‌జెన్స్‌హోహె దగ్గర చెట్లు పలచబడి, మిగిలిన రోడ్డంతా గోడకి అతికించినట్టు ఒక్కసారిగా కనిపిస్తుంది. అక్కడ ఆగి ఏదైనా తినండి. శని, ఆదివారాలు వద్దు, మోటార్‌సైకిళ్ల హోరు భరించలేం.

కనుమ పైన, 2,757 మీటర్ల దగ్గర సైకిల్‌కి తాళం వేసి, మామూలు షూ వేసుకుని పక్కనున్న డ్రైష్‌ప్రాఖెన్‌ష్పిట్సె శిఖరం ఎక్కండి. 2,843 మీటర్లు, అరగంట కూడా పట్టదు. 1918 దాకా ఇటలీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ సరిహద్దులు కలిసింది అక్కడే.

దిగడానికి బోర్మియో వైపు కొంచెం దిగి, కుడివైపు ఉంబ్రైల్ కనుమ దారి పట్టండి. రద్దీ తక్కువ. సాంటా మరియా, గ్లోరెంజా మీదుగా మళ్లీ ప్రాటోకే చేరతారు. మధ్యలో స్విట్జర్లాండ్ తగులుతుంది కాబట్టి పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు జేబులో ఉంచుకోండి, రోమింగ్ చార్జీలు పడకుండా మొబైల్ డేటా ఆపేయండి. కింద 28 డిగ్రీలుంటే పైన 16 దాకా పడిపోవచ్చు. గాలి ఆపే జాకెట్, వేళ్లు పూర్తిగా కప్పే గ్లవ్స్ లేకుండా మాత్రం దిగొద్దు.