అమెరికాలో ఎంఎస్ చేస్తూ చేసే క్యాంపస్ జాబ్ తర్వాత కెరీర్‌కు పనికొస్తుందా?

పనికొస్తుంది, ముఖ్యంగా పని అలవాటుకు, మాట తీరుకు, రిఫరెన్సుకు. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయొచ్చు. ఆ కాస్త పనిలోనే షిఫ్టుకు టైముకు రావడం, రాలేకపోతే ముందే చెప్పి ఇంకొకరిని చూసిపెట్టడం, అమెరికన్ యాసలో గబగబా అడిగింది అర్థం చేసుకోవడం వంటబడతాయి.

ఐటీ హెల్ప్ డెస్క్ సంగతే చూడండి. పాస్‌వర్డ్ మరిచిపోయి విసుక్కుంటున్న ప్రొఫెసర్‌ను శాంతపరచాలి, ఆ సమస్యను టికెట్‌లో (ఫిర్యాదు నమోదు చేసే ఫారంలో) రెండు లైన్లలో రాయాలి. రేపు ఇంటర్వ్యూలో "చిరాకుపడే కస్టమర్‌తో ఎలా వ్యవహరించారు?" అని అడిగితే చెప్పడానికి నిజంగా జరిగింది ఒకటి ఉంటుంది. డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగినా సూపర్‌వైజర్ మీ గురించి ఓ మంచి మాట చెప్పగలరు (రెజ్యూమెలో మాత్రం దానికి ఒక్క లైను చాలు).

చాలామంది పొరబడేది ఒకటుంది: క్యాంపస్ జాబ్ చేస్తే చదువయ్యాక వచ్చే 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి) తగ్గిపోతుందని. తగ్గదు. ఎంఎస్‌లో 12 నెలలు లేదా అంతకుమించి ఫుల్‌టైమ్ సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా చేసే ఇంటర్న్‌షిప్ లాంటి పని) చేస్తే ఓపీటీ పోతుంది. క్యాంపస్ జాబ్ ఆ లెక్కలోకే రాదు.